ఇల్లు కట్టువాని అహింస

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగునాట సామెత. ఆ సామెత చెప్పునది కట్టించువాని కష్టమును గూర్చి మాత్రమే. ఎంత ధనము వ్యయమగునో, ఎందరిచేత మాటలు పడవలెనో, ఎన్ని రాత్రులు నిద్ర కరవగునో అది హెచ్చరించును. ఆ ఇంటికొరకు నేలయు, నీరును, చెట్టును పడు కష్టమును గూర్చి సామెతలో ప్రస్తావన లేదు. శ్రావకుడు మాత్రము ఈ రెండవ లెక్కను విడిచిపెట్టుటకు వీలులేదు. ఏలయన పృథ్వీకాయము, అప్కాయము, తేజస్కాయము, వాయుకాయము, వనస్పతికాయము అను ఐదింటియందును జీవము కలదని జినమతము బోధించుచున్నది. ఇల్లు కట్టుట యనగా ఈ ఐదింటిని ఒక్కచోట, ఒక్కమారుగా కదలించుటయే. పునాదికి మన్ను త్రవ్వవలెను. ఇటుకకును సిమెంటునకును నిప్పు కావలెను. కాంక్రీటు గట్టిపడుటకు దినములతరబడి నీరు పోయవలెను. తలుపులకు చెట్టు కూలవలెను. ఆ పనులన్నింటి ధూళియు పొగయు గాలిలో కలియును. గృహస్థుడు జీవితములో చేయు ఆరంభములలో ఇంతకంటె పెద్దది అరుదు.

అట్లని గృహస్థుడు ఇల్లు లేక యుండజాలడు. ఆ పేరులోనే గృహమున్నది. సాధువు ఇంటిని విడిచినవాడు. శ్రావకుడు ఇంటనుండి మితిని పాటించువాడు. సాధువునకు త్యాగము ఎంతటిదో శ్రావకునకు మితి అంతటిది.

ఈ కాలమున వర్తక కుటుంబముల పిల్లలలో కొందరు దుకాణమునకు గాని, లెక్కల చదువునకు గాని పోక, హరిత భవనములు కట్టు విద్యను కోరుచున్నారు. తక్కువ విద్యుత్తుతో, తక్కువ నీటితో, నేలకు తక్కువ హానితో నిలుచు కట్టడములను నిర్మించుట ఈ విద్య ప్రయోజనము. ఇది అహింసకు కొత్తగా దొరికిన మార్గమా, లేక పాత హింసకు పెట్టిన కొత్త పేరా అనునది విచారింపదగిన ప్రశ్న. ఆ ప్రశ్న విద్యార్థిది మాత్రమే కాదు. చదివించు కుటుంబమునకును, రేపు ఆ విద్యార్థిచేత ఇల్లు కట్టించుకొను సమాజమునకును చెందినది.

తాతగారి సందేహము

బళ్ళారి వంటి పట్టణములో రెండు మూడు తరములుగా సిమెంటు, ఇనుము అమ్ముకొనుచు, ఇంట తెలుగు మాటలాడుకొను శ్రావక కుటుంబమును ఒకదానిని ఊహించుకొనవచ్చును. ఆ ఇంటి ఆడపిల్ల పి.యు.సి. ముగించినది. తండ్రి ఆమెను చార్టర్డు అకౌంటెంటును చేయదలచెను. ఆమె మాత్రము తాను ఆర్కిటెక్చరు చదివెదననియు, నేలకు బరువుగాని ఇండ్లు కట్టుట నేర్చుకొందుననియు చెప్పినది. తండ్రికి కలిగిన సందేహము బ్రతుకుతెరువును గూర్చినది. తాతగారికి కలిగినది ధర్మమును గూర్చినది.

తండ్రి సందేహము తీర్చుట సులభము. ఆర్కిటెక్చరు చదువు ఐదేండ్లు. నాటా పరీక్ష ద్వారా గాని, జె.ఇ.ఇ. రెండవ పేపరు ద్వారా గాని ప్రవేశము దొరకును. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము క్రింద పేరు నమోదైన పిమ్మట స్వతంత్రముగా పనిచేయవచ్చును. నాలుగేండ్ల సివిలు ఇంజనీరింగు రెండవ త్రోవ. నగరప్రణాళిక చదువు మూడవది. పని దొరకునా యనగా, దేశపు నియమములే ఆ పనిని కల్పించుచున్నవి. పెద్ద వాణిజ్య భవనముల విద్యుత్తు వాడుకకు కేంద్ర ప్రభుత్వము 2007లో ఒక నియమావళిని వెలువరించి 2017లో సవరించెను. నివాసగృహములకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చెను. ఇంటి గోడలు, కిటికీలగుండా లోనికి వచ్చు వేడి చదరపు మీటరునకు 15 వాట్లు మించరాదని అది లెక్క కట్టినది. భవనములకు యోగ్యతాపత్రములిచ్చు ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిలు 2001లో స్థాపితమైనది. దాని కేంద్రస్థానమైన హైదరాబాదులోని సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమును 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిరి. గృహ అను దేశీయ యోగ్యతా పద్ధతియు వాడుకలో నున్నది. వేడి లెక్క, వెలుతురు లెక్క, నీటి లెక్క తెలిసినవారికి పని ఉన్నది. బ్రతుకుతెరువుకు లోపము లేదు.

తాతగారి సందేహము అంత సులభముగా తీరదు.

“అమ్మా, పెద్దలు పదునైదు వృత్తులను శ్రావకునకు నిషేధించినారు. నిప్పు వృత్తి ఒకటి, అందులో ఇటుకలు కాల్చుటయు చేరును. అడవి నరకు వృత్తి మరియొకటి. నేల త్రవ్వి రాయి కొట్టు వృత్తి ఇంకొకటి. ఈ మూడును లేక ఇల్లు లేదు. వలదన్న మూడింటిని ఒక్కచోట చేర్చి పచ్చరంగు పూసినంతమాత్రమున అది అహింస యగునా?”

తాతగారు చెప్పినది పుస్తకమునకు సరిపోవుచున్నది. పండ్రెండవ శతాబ్దిలో హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున ఈ వృత్తులను వివరించునపుడు ఇటుకల కాల్పును, రాతి కొట్టుడును పేరుపెట్టియే చెప్పినారు. కాని మనుమరాలి సమాధానమును తోసివేయదగినది కాదు.

“తాతగారూ, మనము ఇటుకలు కాల్చము, రాయి కొట్టము, నిజమే. కాల్చినది కొని అమ్ముదుము, కొట్టినది ఇంట పరచుకొందుము. చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుకొనుట మూడును ఒకే ఖాతాలోనివని మీరే గదా నాకు చెప్పినారు?”

వర్తక కుటుంబములు తప్పించుకొనరాని స్థలము ఇదియే. పూర్వము ఇటుకబట్టీ ఊరి చివర నుండెడిది. దాని పొగ కొన్నవానికిని కనబడెడిది. నేడు సిమెంటు మూటలు దుకాణమునకు శుభ్రముగా వచ్చి చేరుచున్నవి. కొండయు బట్టీయు ఎక్కడనో ఉన్నవి. చేయి అంటనంతమాత్రమున పాపము అంటలేదను భ్రమ దూరమువలన పుట్టుచున్నది. బళ్ళారి ప్రాంతమువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇనుపఖనిజపు తవ్వకములు హద్దు మీరి, 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ జిల్లాలో తవ్వకములనే నిలిపివేయవలసివచ్చెను. ఆ ఎర్రమన్ను చేరినది గనులవారి చేతులకే కాదు. ఇంటి కప్పులో ఇనుము వాడుకొనిన ప్రతివాని ఖాతాలోను ఒక పిడికెడు పడినది.

అనర్థదండము

అట్లయిన గృహస్థునకు విడుదల ఎక్కడ? ఆచార్యులు హింసను నాలుగు విధములుగా విభజించిరి. కావలెనని తలపెట్టి చేయునది సంకల్పీ హింస. ఇంటిపనులలో జరుగునది ఆరంభీ హింస. వృత్తిలో జరుగునది ఉద్యోగీ హింస. ఆత్మరక్షణలో జరుగునది విరోధీ హింస. మొదటిదానిని శ్రావకుడు సర్వథా విడువవలెను. తక్కిన మూడింటిని తగ్గించుచు పోవలెను. ఇల్లు కట్టుటలోని హింస రెండవ, మూడవ తరగతులలోనిది. కనుక దానికి నిషేధము కంటె తగ్గింపు ధర్మము. ఎంత తగ్గింపవలెను, దేనిని తగ్గింపవలెను అను ప్రశ్నకు అనర్థదండవ్రతము సమాధానమిచ్చుచున్నది.

ప్రయోజనము లేని హింసను మానుట ఆ వ్రతము. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున దాని భేదములను చెప్పుచు, ప్రమాదచర్య యనగా పనిలేని త్రవ్వకము, పనిలేని నీటి వాడుక, పనిలేని నిప్పు, పనిలేని గాలి కదలిక, పనిలేని చెట్టు నరకుట అని వివరించిరి. నేటి హరిత నిర్మాణ శాస్త్రము పుస్తకములకొలది చెప్పుచున్న అంశములు ఈ ఐదే: నేల, నీరు, శక్తి, గాలి, పచ్చదనము. ప్రాచీనులకు నేటి యంత్రములు తెలిసియుండెనని దీని అర్థము కాదు. ఏది వృథా అను ప్రశ్నను అడుగుట వారికి తెలిసియుండెనని మాత్రమే అర్థము.

పరిగ్రహ పరిమాణవ్రతములోను ఇట్టి సూచన కలదు. తత్త్వార్థసూత్రమున శ్రావకుడు మీరరాని హద్దులను పేర్కొనునపుడు బంగారము, ధాన్యముల కంటె ముందు నిలిచినవి పొలమును ఇల్లును. ఎన్ని వరహాలు అని అడుగుటకు పూర్వమే ఎంత ఇల్లు అని శాస్త్రము అడిగినది. బంగారము పెట్టెలో పెట్టినచో కదలక పడియుండును. ఇల్లట్లు కాదు, కట్టిన దినమునుండి కూలు దినమువరకు విద్యుత్తును, నీటిని, రంగును, మరమ్మతును కోరుచునే యుండును. అవసరమునకు మించి కట్టిన ప్రతి గది ఏబది ఏండ్లపాటు హింసను తినిపించుకొను నోరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. అబూపర్వతముపై 1031లో విమలవసహిని కట్టించినవారు జైనులే గదా, ఆ చలువరాయి ఊరక వచ్చినదా అని అడుగవచ్చును. దీనికి ఆచార్యులు బావి దృష్టాంతమును చెప్పుదురు. బావి త్రవ్వువానికి బురదయు చెమటయు అంటును. కాని నీరు పడిన పిదప ఆ నీటితోనే బురదను కడిగికొనును, ఊరి దప్పికయు తీరును. ఆరంభములో దోషమున్నను ఫలము దానిని మించునెడల ఆ ఆరంభము సమ్మతమని తాత్పర్యము. దృష్టాంతము మంచిదే. అయితే నీరు పడని బావికి అది వర్తింపదు. ఊరిలో రెండు బావులు నిండియుండగా పేరు చెక్కించుకొనుటకు మూడవది త్రవ్వినచో మిగులునది బురద మాత్రమే.

నేర్వవలసిన విద్య

ఆ బాలిక ఐదేండ్లలో నేర్చుకొనవలసిన దానిని ఈ వ్రతపు వెలుగులో చూడవచ్చును.

మొదటిది నిప్పు లెక్క. సున్నపురాయిని కాల్చినపుడు 100 కిలోల రాతినుండి 56 కిలోల సున్నము నిలిచి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. బట్టీలో వాడు బొగ్గుపొగ దీనికి అదనము. సిమెంటు బట్టీ వేడి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు. అనగా బొగ్గును మానిపించినను రాతిలోని వాయువు రాక మానదు. ప్రపంచమున మానవులు విడుచు ఈ వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్ళు సిమెంటు పరిశ్రమవని గణించినారు. సిమెంటు ఉత్పత్తిలో భారతదేశము ప్రపంచమున రెండవది. ఇది తెలిసిన విద్యార్థి సిమెంటును శత్రువుగా చూడనక్కరలేదు. విద్యుత్కేంద్రముల బూడిద కలిసిన సిమెంటులో నూటికి 15 మొదలు 35 వంతులవరకు, ఉక్కు కర్మాగారముల స్లాగు కలిసినదానిలో నూటికి 25 మొదలు 70 వంతులవరకు కాల్చిన సున్నపురాతికి బదులుగా ఆ వ్యర్థపదార్థములే చేరును. బరువు మోయు స్తంభమునకు ఏది తగును, ఊరక నిలుచు గోడకు ఏది చాలును అను వివేకము ఆమె విద్య. ఆ వివేకము తండ్రి దుకాణమునకును పనికివచ్చును. వచ్చినవానికి ధర చెప్పుటతోపాటు ఏ పనికి ఏ మూట చాలునో చెప్పు వర్తకుడు నమ్మకమును సంపాదించును.

రెండవది మన్ను లెక్క. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏ.కె.ఎన్. రెడ్డిగారు గ్రామములకు పనికివచ్చు సాంకేతిక విద్యకై అస్త్ర అను విభాగమును నెలకొల్పిరి. స్థానికపు మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి, యంత్రముతో నొక్కి, బట్టీలో కాల్చకయే ఇటుకలు చేయు పద్ధతిని అక్కడివారు పెంపొందించిరి. ఇటుకల కాల్పును నిషిద్ధవృత్తిగా తలచిన తాతగారు ఈ సంగతి విని సంతోషింపవలసినవారు. లారీ బేకరు అను ఆంగ్ల వాస్తుశిల్పి (1917-2007) యుద్ధమును నిరాకరించు క్వేకరు మతమువాడు. ఆదర్శగృహమునకు ఐదుమైళ్ళ చుట్టుపట్ల దొరకు వస్తువులు చాలునను గాంధీజీ మాట ఆయన మనసులో నాటినది. కేరళలో స్థిరపడి, బీదలకును సంస్థలకును ఆ మాట ప్రకారమే కట్టెను. ఎలుకబోను కట్టుబడి యని పేరుగల పద్ధతిలో ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ విడుచుటచే ఇటుకలలో సుమారు నాలుగవ వంతు మిగులును. ఆ ఖాళీయే వేడిని ఆపును. తక్కువ వస్తువుతో ఎక్కువ చల్లదనము దొరకు ఇట్టి కిటుకులే ఈ విద్యకు ప్రాణము.

మూడవది ఎండ లెక్క. బళ్ళారి, షోలాపురముల పొడి యెండ వేరు. చెన్నపట్టణపు చెమట వేరు. గోదావరి నోట నున్న యానాము తేమగాలి వేరు. పొడి యెండలో మందపు గోడ, చిన్న కిటికీ పనికివచ్చును. తేమ నేలలో గాలి అడ్డముగా పారు కిటికీలు, దిగువకు వాలిన చూరు కావలెను. ఈ అక్షాంశములలో దక్షిణపు ఎండను చిన్న సజ్జ ఆపగలదు. పడమటి ఎండ వాలుగా వచ్చుటచే దానిని ఆపుట కష్టము. కావున పడమట కిటికీలు తగ్గింపవలెను. మిద్దెకు తెల్లసున్నము పూసినచో ఎండ తిరిగిపోవును. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఇట్టి చల్లని పైకప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. ఈ నేలలో నలువైపుల అద్దములు తొడిగి, లోపలి వేడికి శీతల యంత్రములు పెట్టుట అనర్థదండమునకు చక్కని ఉదాహరణము. ఆ అద్దములలో ఆకాశపు నీడను చూచి నిజమైన ఆకాశమనుకొని పక్షులు వచ్చి కొట్టుకొని చచ్చుచున్నవి. పావురములకు గింజలు చల్లు చేతులు అట్టి మేడలు కట్టింపరాదు గదా.

నాలుగవది నీటి లెక్క. నీరు వడగట్టి త్రాగు ఆచారముగల ఇండ్లలో, వడగట్టిన బట్టలోని జీవములను తోడిన బావికే తిరిగి చేర్చెడివారు. తీసికొన్నదానిని తీసిన చోటికి ప్రాణముతో చేర్చుట ఆ ఆచారపు సారము. అహమ్మదాబాదు పోళ్ళలోని పాత ఇండ్లలో ముంగిటి క్రింద టాంకాలు త్రవ్వి, కప్పుమీది వాననీటిని ఏడాదికి సరిపడ దాచుకొనెడివారు. తమిళనాడు ప్రభుత్వము 2003లో ప్రతి కట్టడమునకును వాననీటి సేకరణను తప్పనిసరి చేసినది. అయినను 2019 వేసవిలో చెన్నపట్టణపు చెరువులెండి జనము బిందెలతో వరుసలు కట్టిరి. గొట్టము పెట్టుట ఒకటి, ఆ గొట్టమును ఏటేట శుభ్రపరచుట వేరొకటి. లెక్క మాత్రము చిన్నపిల్లలకును తెలియునంతటిది: ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు. ఏడాదికి 500 మిల్లీమీటర్లు కురియు చోట 100 చదరపు మీటర్ల మిద్దెపై పడునది 50,000 లీటర్లు. కొంత ఆవిరియై పోయినను తక్కినది భూమికి చెల్లింపవలసిన అప్పు.

ఐదవది మనుష్యుల లెక్క. ఏకేంద్రియ జీవముల విషయమున ఇంత చర్చించి పంచేంద్రియములుగల కూలివానిని మరచుట పరిహాసము. పాలమూరు కూలీలు, ఒరిస్సా కూలీలు దేశమంతట ఇతరుల ఇండ్లు కట్టి తాము రేకుల క్రింద ఉండుచున్నారు. రాతిధూళి వారి ఊపిరితిత్తులలో చేరుచున్నది. నిర్మాణ కార్మికుల రక్షణకు 1996లో చట్టము వచ్చెను. త్రాగునీరు, నీడ, పిల్లలను పెట్టుకొనుటకు చోటు ఆ చట్టము చెప్పిన కనీసధర్మములు. పనివారి బిడ్డ ఇసుకకుప్పపై ఎండలో నిద్రించుచుండగా కట్టిన భవనమునకు ఏ పచ్చరంగు వేసినను అది పచ్చబడదు.

ఇక చివరి పాఠము పాతదానిని నిలుపుట. ఇది క్రొత్త మాట కాదు. భువనేశ్వరము వద్ద ఉదయగిరిలోని హాథీగుంఫా శాసనమున కళింగాధిపతియు జినభక్తుడునైన ఖారవేలుడు తన మొదటి రాజ్యసంవత్సరమున చేసిన పని చెక్కియున్నది. తుఫానుచే దెబ్బతిన్న నగరపు ద్వారములను, ప్రాకారములను, గృహములను బాగుచేయించెను. చెరువు గట్లు నిలిపెను. అప్పుడే సింహాసనమెక్కిన రాజునకు కొత్త నగరముపై మోజు సహజము. అయినను మొదట మరమ్మతు చేయించెను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరమును దాటినపుడు బరంపురపు తెలుగువారు చూచినదియు ఇదియే: జాగ్రత్తగా కాపాడుకొన్న కట్టడము నిలుచును. నిలిచిన గోడలో ఖర్చయిన నిప్పును మరల ఖర్చుపెట్టనక్కరలేదు.

స్యాత్ అను మాట

ఇంత నేర్చిన పిదప ఆమెకు నిజమైన పరీక్ష ఉద్యోగములో ఎదురగును. హరిత భవనములకు నేడు అంకెలిచ్చి, వెండి, బంగారము, ప్లాటినము అని గాని, నక్షత్రములని గాని యోగ్యతాపత్రము లిచ్చుచున్నారు. ఈ పద్ధతి మేలే చేసినది. కొలత లేనిచో మెరుగుదల తెలియదు. కాని కొలత ఒక దృక్కోణమునుండి తీసినది. నలుగురుండు కుటుంబమునకు పదివేల చదరపు అడుగుల ఇల్లు కట్టి, చదరపు అడుగునకు విద్యుత్తు తక్కువగా వాడినచో మంచి గుర్తింపు రావచ్చును. ఎట్టి గుర్తింపును లేని వేయి అడుగుల ఇంటిలో అదే నలుగురు మొత్తముమీద ఎన్నో రెట్లు తక్కువ వాడుకొనుచుందురు. మొదటి ఇల్లు ఒక నయమున హరితము, మరొక నయమున కాదు.

జైనతర్కము ఇట్టి చోట స్యాత్ అను మాటను చేర్చుమనినది. ఒక విధముగా అవును, ఒక విధముగా కాదు అని పలుకు నిజాయితీ ఆ మాటలో నున్నది. స్యాత్ అను మాటను తీసివేసి ‘మాది హరిత భవనము’ అని గోడకెక్కించుట సత్యవ్రతమునకు భంగము. విద్యార్థిని తన వృత్తిలో ప్రతి లెక్క ప్రక్కన ఏ దృష్టితో అని వ్రాసికొనవలెను. విద్యుత్తు తగ్గినది సరే, నీరెంత? నీరు తగ్గినది సరే, రాయి ఎంతదూరమునుండి వచ్చినది? అన్నియు తగ్గినవి సరే, అసలు ఈ కట్టడము కావలసియుండెనా?

చివరి ప్రశ్న అడుగుట కష్టము. దాని కారణము డబ్బులో నున్నది. ఆర్కిటెక్టునకు ప్రతిఫలము సాధారణముగా కట్టడపు ఖర్చులో నూటికి ఇంత అని నిర్ణయింతురు. కట్టడము పెరిగినకొలది ఆమె సంపాదన పెరుగును. ఈ గది వద్దు, ఈ చలువరాయి వద్దు, పాత కప్పునే బాగుచేయుదము అని చెప్పిన ప్రతిసారియు ఆమె తన జీతమును తానే కోసికొనవలెను. సిమెంటు వర్తకునకు మూటలతో లాభము పెరుగుట కూడ ఇట్టిదే. వ్రతమును వృత్తిలాభమునకు ఎదురు నిలిపి, నీవు ధర్మమును గెలిపించుమని ఇరువదియైదేండ్ల పిల్లకు చెప్పుట సులభము. ఆ భారము ఆమె ఒక్కతెదే కారాదు.

కట్టించువారి పరీక్ష

కనుక ఈ మార్గము ధర్మమార్గ మగునా కాదా యనునది చదువుకొను ఆమె కంటె ఎక్కువగా కట్టించువారిపై ఆధారపడియున్నది. ఆమె మొదట కట్టబోవునది బహుశా తనవారి ఇల్లే. తరువాత సంఘపువారు ధర్మశాలయో, పాఠశాలయో, విద్యార్థి వసతిగృహమో కట్టుటకు పిలుతురు. మకరానా చలువరాయి కావలెనని ఒకరు, పొరుగూరి భవనము కంటె ఒక అంతస్తు ఎక్కువ కావలెనని ఒకరు, దాతల పేర్లకు పెద్ద గోడ కావలెనని ఒకరు అందురు. ఆ సమయమున ఆమె లేచి, పాత భవనము గోడలు గట్టిగా నున్నవి, కప్పు మార్చి కిటికీలు పెంచిన చాలునని చెప్పినచో పెద్దలు విందురా? చదివించునపుడు చప్పట్లు కొట్టిన చేతులు అప్పుడు ఆమెకు అండగా నిలుచునా?

నిలువదలచిన కుటుంబములు చేయదగిన పనులు కొన్ని కలవు. కట్టడపు ఖర్చుతో ముడిపెట్టక పనిని బట్టి ముందుగానే ప్రతిఫలమును నిర్ణయించినచో, వద్దు అని చెప్పినందుకు ఆమెకు నష్టము కలుగదు. ఇల్లు తలపెట్టినపుడు ఎన్ని గదులు అను మాటకు పూర్వము ఎందరు మనుష్యులు, ఎన్ని ఏండ్లు అని అడిగికొనవలెను. మొదటి ఖర్చునకు ప్రక్కన ఏబది ఏండ్ల విద్యుత్తు, నీరు, మరమ్మతుల ఖర్చును చేర్చి ఖాతా వ్రాయవలెను. ఇట్టి లెక్క వర్తకులకంటె బాగుగా వ్రాయగలవారు లేరు. త్రవ్వినపుడు పైపొర మన్నును వేరుగా కుప్పపోసి తోటకు వాడవలెను. పనివారికి నీడయు నీరును ఏర్పడిన పిదపనే శంకుస్థాపన చేయవలెను. సంఘము విద్యార్థులకు వేతనములిచ్చునపుడు వైద్యమునకును లెక్కల చదువునకును ఇచ్చినట్లే ఈ విద్యకును ఇయ్యవలెను. ఆడపిల్ల యను సంకోచము అందు చోటుచేసికొనరాదు.

ఇంతకును తాతగారి ప్రశ్నకు సమాధానమేమి? పచ్చరంగు పూసినంతమాత్రమున హింస అహింస కాదు. ఆయన మాట నిజము. ఇల్లు కట్టుచున్నంతకాలము కొంత హింస తప్పదు. కాని కట్టువారిలో ఒకరు లెక్క తెలిసి, దయ కలిగి, వద్దు అని చెప్పు ధైర్యముతో ఉండుటకును, అట్టివారు లేకుండుటకును నేలకు తెలియునంతటి భేదమున్నది. తప్పని హింసను తగ్గించుటయు, తప్పించదగిన హింసను విడుచుటయు శ్రావకధర్మమైనచో, ఆ రెండింటిని గీత గీసి వేరుచేయగల విద్య ధర్మమునకు ఉపకరణమే. ఆ గీత కాగితముపై గీయునది విద్యార్థి. దానిని దాటకుండ ఇల్లు కట్టించుకొనవలసినవారు పెద్దలు. ఒకరు గీసి ఒకరు దాటినచో ఐదేండ్ల చదువు వృథా. వృథాయే గదా అనర్థదండము.